శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితమును, వివాహధర్మమును

మహాపురుషుల చరిత్రములను జదువుటవలన గలుగు ఫలము రెండు విధములు. వారి సద్గుణములను దలంచి మనస్సు నిర్మలమగుట యొకటి; కార్యసాధనమునందు వారు పడిన పాట్లను జూచి మన కార్యములకు బనికివచ్చు నుపాయములను గ్రహించుట రెండవది. శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్రమును మనలో ననేకులు మొదటి ఫలమునకే చదువుచున్నారు. వితంతువులకు వివాహములు చేయించిన పుణ్యపురుషుడని నమస్కరించి పుస్తకము మూసివేయుచున్నారు. వారేమి చేసిరో యందఱు నెఱుగుదురు. అది యేల చేయవలసివచ్చెనో విచారించువారు కొలదిమంది.

హిందూ వితంతువులు మరల వివాహము చేసికొనవచ్చునని దొరతనమువారు శాసనము చేసిన 1856వ సంవత్సరమున వీరేశలింగముగారు ఎనిమిదేండ్ల బాలురు. ఆ శాసనము ననుసరించి ఆంధ్రదేశమున వారు మొదటి వివాహము జరిపించునప్పటికి వారికి ముప్పదిమూడేండ్లు. నడుమ నిరువదియైదు సంవత్సరములు శాసనము పుస్తకములయందుండెను, వితంతువులు వంటయిండ్లయందుండిరి. అట్లయిన శాసనము చేయజాలని దేనిని ఆ మహనీయుడు చేసెను? ఆ శాసనము తా నొకచేత నిచ్చి, మఱియొకచేత దేనిని దీసికొనెను? వివాహమును గుఱించియు, వివాహవిచ్ఛేదమును గుఱించియు, బిడ్డల సంరక్షణమును గుఱించియు నేడు గృహస్థులకు గలుగు సందేహములలో బెక్కింటికి మూల మీ రెండు ప్రశ్నలయందే కలదు. కావున పంతులుగారి జీవితమును ఈ దృష్టితో నొకపరి చూతము.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన గోదావరీతీరమునందలి రాజమహేంద్రవరమున సుబ్బారాయుడు, పున్నమ్మ యను దంపతులకు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయమునందే తండ్రి గతించెను. పెదతండ్రి వేంకటరత్నముగారు బాలుని బెంచిరి. వైధవ్య మన నెట్టిదో పంతులుగారు మొదట నేర్చినది స్మృతిగ్రంథములయందు గాదు. తమ తల్లి జీవితమునందు. 1861వ సంవత్సరమున రాజ్యలక్ష్మమ్మగారితో వారికి వివాహమయ్యెను. అప్పటికి వరునకు పదుమూడేండ్లు; వధు వింకను జిన్నది. బాల్యవివాహములను జీవితమంతయు ఖండించిన యీ సంస్కర్త తాను స్వయముగా బాల్యవివాహము చేసికొన్నవాడే. కాలము తన కిచ్చినదానిని బిడ్డల కియ్యగూడదని తలంచుటయే సంస్కరణమునకు నాంది.

1870వ సంవత్సరమున వారు ప్రవేశపరీక్షయందు గృతార్థులై ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. కోరంగియందును ధవళేశ్వరమునందును బనిచేసి, పిదప రాజమహేంద్రవరపు కళాశాలయందు ఆంధ్రపండితులైరి. 1874వ సంవత్సరమున రెండు కార్యముల నారంభించిరి: ధవళేశ్వరమునందు బాలికలకు పాఠశాల యొకటి, వివేకవర్ధని యను పత్రిక యొకటి. ఆ పత్రికయందు వారు దురాచారములను మాత్రమే గాక న్యాయస్థానములందలి లంచములను, వకీళ్ల కపటములను గూడ బయటబెట్టుచు వచ్చిరి. వ్యవహారధర్మబోధిని యను ప్రహసనమున మావృత్తిలోని వారినే పాత్రములుగా నిలిపిరి. బ్రాహ్మవివాహ మను ప్రహసనమున ముదుసలికి బాలికను గట్టబెట్టువారిని బరిహసించిరి. ఇవి రెండును వేర్వేఱు విషయములని తోచవచ్చును గాని కావు. న్యాయము దుర్లభమైన యూర బలహీనులకు హక్కు వ్రాసి యిచ్చినను ప్రయోజనము లేదని వారు మొదటనే గ్రహించిరి.

ఇక నా శాసనమును జూతము. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855వ సంవత్సరమున వితంతువివాహమును గుఱించి గ్రంథములు ప్రకటించి, దొరతనమువారికి విజ్ఞాపన మంపెను. ఆయన కాధారము పరాశరస్మృతి. భర్త కానరాకపోయినను, మరణించినను, సన్న్యసించినను, పుంస్త్వము లేనివాడైనను, పతితుడైనను స్త్రీ మఱియొక భర్తను గ్రహింపవచ్చునని ఆ స్మృతి యైదాపదలను బేర్కొనుచున్నది. వీనిలో మరణ మొక్కటియే; తక్కిన నాలుగింటియందును భర్త జీవించియే యుండును. అనగా ఆ వచనము వితంతువుల సంగతిని మాత్రమే గాక, నేటివారు విడాకులని చెప్పు సంగతిని గూడ ముట్టుచున్నది. 1856వ సంవత్సరము జూలై మాసమున నైన పదునేనవ శాసనము ఈ యైదింటిలో నొక్కదానిని మాత్రము గైకొని, నాలుగింటిని విడిచిపెట్టెను. విడిచిన నాలుగింటికై మనదేశపు స్త్రీలు నూఱేండ్లు వేచియుండవలసివచ్చెను.

ఆ శాసన మేడు నిబంధనలు గలది, మిక్కిలి చిన్నది. అయినను దానిని మొదటినుండి తుదివరకు జదివినవారు తక్కువ. మొదటి నిబంధన వితంతువివాహము చెల్లుననియు, ఆ వివాహమున బుట్టిన బిడ్డలు ధర్మ్యసంతానమే యనియు జెప్పుచున్నది. ఆఱవ నిబంధన కన్యావివాహమునకు జేయు తంతులే వితంతువివాహమునకును జాలునని చెప్పుచున్నది. ఇవి యిచ్చిన వరములు. రెండవ నిబంధన మరల వివాహమాడిన స్త్రీకి మొదటి భర్త యాస్తియందు మనోవృత్తివలన గాని వారసత్వమువలన గాని గలిగియున్న పరిమితమైన హక్కు, ఆమె మృతిచెందినట్లే, నశించుననియు, ఆ యాస్తి తరువాతి వారసుల కేగుననియు జెప్పుచున్నది. మూడవ నిబంధన బిడ్డలను గుఱించినది. మృతుడు తన మరణశాసనమున సంరక్షకుని నియమింపకయుండి, భార్య మరల వివాహమాడినయెడల, మృతుని తల్లిదండ్రులు గాని తాతనాయనమ్మలు గాని మగబంధువులు గాని న్యాయస్థానమునకు బోయి, బిడ్డలకు వేఱు సంరక్షకుని నియమింపుమని కోరవచ్చును. బిడ్డలకు జాలినంత సొత్తు లేనప్పుడు మాత్రము, తల్లి సమ్మతింపనిదే యట్టి నియామకము చేయరాదు. చేయవలెనన్న ఆ క్రొత్త సంరక్షకుడు వారి పోషణమునకును జదువునకును బూచీ యియ్యవలెను. ఏడవ నిబంధన సమ్మతిని గుఱించినది. కాపురమునకు బోని బాలవితంతువునకు వివాహము చేయవలెనన్న తండ్రి, అతడు లేనిచో తాత, పిమ్మట తల్లి, పిమ్మట అన్న, వారును లేనిచో దగ్గఱి మగబంధువు సమ్మతింపవలెను. ఆ సమ్మతి లేక తెలిసి సహాయపడినవారికి ఏడాదివఱకు చెఱసాలయు, జుల్మానాయు గలవు. యుక్తవయస్సు వచ్చిన వితంతువునకైనను, కాపురము చేసిన వితంతువునకైనను ఆమె సమ్మతియే చాలును.

చదువరులు గమనింపుడు. వివాహమాడు స్వాతంత్ర్య మిచ్చిన శాసనమే ఆమెకు గల భూమిని దీసికొనెను. బిడ్డలను దీసికొనుటకు ద్వారము తెఱచెను. సొత్తు లేని వితంతువునకు బోగొట్టుకొనుట కేమియు లేదు. సొత్తుగల వితంతువు ఇల్లు, భూమి, ఒక్కొక్కప్పుడు కడుపున బుట్టినవారు, వీనినెల్ల త్రాసున నొకవైపున బెట్టి, రెండవవైపున దన శేషజీవితమును బెట్టి తూచుకొనవలెను. ఈ తూనిక యెంత కఠినమో యా శాసనము చేసినవారికి దోచినట్లు లేదు.

దీనికి దోడు మఱియొక యన్యాయము. తెలుగుదేశమున ననేక కులములయందు మారుమనువు తరతరములుగా నాచారమైయున్నది. వారికి శాసనముతో బనియే లేకుండెను. కాని 1877వ సంవత్సరమున చెన్నపురి హైకోర్టువారు, కులాచారము మారుమనువు నంగీకరించినను, అట్లు వివాహమాడిన స్త్రీ మొదటి భర్త యాస్తిని గోల్పోవునని తీర్పుచెప్పిరి. అలహాబాదు హైకోర్టువారు దీనికి విరుద్ధముగా 1889వ సంవత్సరమున, ఆచారముచేత నదివఱకే స్వాతంత్ర్యము గలవారికి ఈ శాసనము తగులదని నిర్ణయించిరి. ఒకే శాసనము, ఒకే వాక్యము. గంగాతీరమున భూమి నిలిచెను, గోదావరీతీరమున బోయెను.

ఇట్టి శాసనమును జేతబట్టుకొని పంతులుగారు రాజమహేంద్రవరమున గార్యారంభము చేసిరి. 1878వ సంవత్సరమున మిత్రులతో గూడి సంఘసంస్కరణ సమాజమును స్థాపించిరి. 1879వ సంవత్సరము ఆగష్టు మాసమున వితంతువివాహమును గుఱించి మొదటి యుపన్యాసము చేసిరి. పండితులు ఖండనములు ప్రకటించిరి. పంతులుగారు వారికి శాస్త్రములతోనే ప్రత్యుత్తరములు వ్రాసిరి. వాదమునందు జయము కలిగినను వధూవరులు దొరకలేదు. వాదము వినువారు నూఱుమంది, బిడ్డ నిచ్చెదనని వచ్చువా డొక్కడును లేడు. బసవరాజు గవర్రాజుగారు, చల్లపల్లి బాపయ్యగారు, ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు మొదలైన మిత్రులు వారికి దోడుపడిరి. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఆ వర్తకుని యౌదార్యము లేకున్న ఈ కథ యుపన్యాసములతోనే ముగిసియుండెడిది.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున పంతులుగారి యింట మొదటి వితంతువివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. వధువు బాల్యమునందే వైధవ్యము పొందిన బాలిక. ఊరంతయు దల్లడిల్లెను. విద్యార్థులు వీధులయందు గావలి యుండిరి. పోలీసువారు బందోబస్తు చేసిరి. వేదమంత్రములతో, అగ్నిసాక్షిగ, కన్యావివాహమునకు జేయు తంతులన్నియు జరిపిరి. శాసనపు ఆఱవ నిబంధన కోరిన దిదియే. నాలుగు దినములకు రెండవ వివాహమును జరిగెను.

శాసనము తనపని తాను జేసెను. వివాహము చెల్లెను, ఏ న్యాయస్థానమును దానిని గొట్టివేయజాలదు. కాని శాసనమునకు బురోహితుని బిలుచు శక్తి లేదు. వంటవానిని నిలుపు శక్తి లేదు. బావియొద్ద నీళ్లు తోడుకొననిచ్చు శక్తి లేదు. సంఘమువారు పంతులుగారిని, వివాహమునకు వచ్చినవారిని, వారితో భుజించినవారిని వెలివేసిరి. పీఠాధిపతులనుండి బహిష్కారపత్రములు వచ్చెను. మొదట బ్రోత్సహించినవారిలో గొందఱు ప్రాయశ్చిత్తములు చేసికొని మరల కులమున జేరిరి. వంటవారు మానివేసిరి, నీళ్లవారు మానివేసిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి బోయి నీళ్లు మోసి తెచ్చి, వచ్చినవారి కందఱికి వండి పెట్టిరి. ఆ యిల్లాలు సభలయందు మాటలాడలేదు, శాసనములను జదువలేదు. అయినను ఆంధ్రదేశమున 1856వ సంవత్సరపు శాసనమును అమలుచేసినవారెవ్వరని యెవరైన నడిగినయెడల, పంతులుగారి పేరుతో గూడ నామె పేరును జెప్పవలసియుండును.

వివాహము లొక్కటొక్కటిగ సుమారు నలువదివఱకు జరిగెను. ప్రతి వివాహముతోడను పంతులుగారి భారము పెరిగెను. వివాహమైన దంపతులను దల్లిదండ్రులు చేరనీయరు, అద్దెకు నిండ్లు దొరకవు, వరునకు నుద్యోగము వెదకిపెట్టవలెను, పురిటికి దిక్కుండదు. కొందఱు యోగ్యులు, కొందఱు ధనాశతో వచ్చినవారు. వివాహమే తమ యుపకారమనుకొని జీవితాంతము పోషణము గోరినవారును గలరు. ఇది చూచి యితరులైనచో విసిగి మానియుందురు. పంతులుగారు వేఱువిధముగ నాలోచించిరి. వివాహ మొక్కదినపు కార్యము; స్త్రీకి గావలసినది దినదినమునకు నన్నము, నిలువ నీడ, చదువు, చేతిపని. శాసనము మొదటి భర్త యాస్తిని దీసికొన్నప్పుడు ఆ లోటును దీర్చువా రెవరు? ఎవరును లేనిచో తామే తీర్చవలెను. ఈ యాలోచనమునుండియే వితంతుశరణాలయము పుట్టెను. పంతులుగారు చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలయందు బండితులైయుండిన కాలమున నచ్చట శరణాలయమును నడపిరి. పిదప దానిని రాజమహేంద్రవరమున నిలిపిరి. మహాదేవ గోవింద రానడేగారు వారిని దక్షిణదేశ విద్యాసాగరునిగా గౌరవించిరి. ఆ బిరుదు తగినదే. శాసనమును సాధించిన విద్యాసాగరుడు స్వయముగ వివాహములు చేయించి ఋణములపాలయ్యెను. పంతులుగారు నదే మార్గమున నడచిరి.

బ్రహ్మసమాజముతో సంబంధించిన శాసన మింకొకటి కలదు. దానినిగూడ నిచ్చట విచారింపక తప్పదు. కేశవచంద్రసేనుగారి ప్రయత్నముచేత 1872వ సంవత్సరమున మూడవ శాసనమయ్యెను. దానిచొప్పున రిజిస్ట్రారు నెదుట, ముగ్గురు సాక్షుల సమక్షమున, కులభేదము లేక వివాహము చేసికొనవచ్చును. వరునకు పదునెనిమిది, వధువునకు పదునాలుగేండ్లు నిండియుండవలెను. భార్యయుండగా రెండవ భార్యను జేసికొనరాదు. 1869వ సంవత్సరపు వివాహవిచ్ఛేద శాసన మీ వివాహములకు వర్తించును. ఇన్ని మేలులకు నొక్క వెల గలదు: వధూవరులు తాము హిందువులము గామని వ్రాసియియ్యవలెను. ఆ శాసనమునకు గారకులైన కేశవచంద్రులే 1878వ సంవత్సరమున దమ కుమార్తెను వయస్సు నిండకుండగనే కూచిబేహారు రాజకుమారున కిచ్చి వివాహము చేసిరి. దానితో సమాజము చీలి సాధారణ బ్రహ్మసమాజ మేర్పడెను. శాసనమును గోరినవాడే తన యింట దానిని బాటింపకున్న నేమగునో లోకము చూచెను.

హిందువులము గామని వ్రాసినచో 1856వ సంవత్సరపు శాసనము తగులదని కొందఱు తలంచిరి. 1891వ సంవత్సరమున కలకత్తా హైకోర్టువారు ఈ తలపును గొట్టివేసిరి. హిందువైన భర్త యాస్తిని బొంది, పిదప 1872వ సంవత్సరపు శాసనముచొప్పున వివాహమాడిన వితంతువునకు నా యాస్తి పోవునని తీర్పు చెప్పిరి. అనగా ఏ ద్వారమున బోయినను బుట్టింటిదో, రెండవ భర్తదో యన్నమే గతి. పంతులుగారు బ్రహ్మధర్మమునందు భక్తి గలవారైనను తాము చేయించిన తొలి వివాహములను వేదోక్తముగనే జరిపించుటకు గారణ మిదియే యని తోచుచున్నది: తమ మతమును ఇతరుల యాపదపై నుంచి వ్యాపింపజేయుట వారికి సమ్మతము గాదు. వితంతువు కోరినది పెండ్లి. ఆమెను మొదట మతము విడువుమనుట న్యాయము గాదు.

పంతులుగారికి సంతానము లేదు. 1906వ సంవత్సరమున వారు హితకారిణీ సమాజమును స్థాపించి, దమ సర్వస్వమును దాని కిచ్చివేసిరి. పాఠశాలయు, శరణాలయమును వారి యనంతరము నిలుచుటకు దగిన యేర్పాటు చేసిరి. 1910వ సంవత్సరమున రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. పంతులుగారు 1919వ సంవత్సరము మే 27వ తేదీన చెన్నపట్టణమున దేహము చాలించిరి. ఆ మరణశయ్యనాటికి దేశమున 1856వ సంవత్సరపు శాసనములోని యొక్క యక్షరమును మాఱలేదు. శాసనము మాఱువఱకు వేచియుండినచో వారు చేసిన నలువది వివాహములలో నొక్కటియు జరిగియుండెడిది గాదు.

తరువాతి మార్పులను సంగ్రహముగ జెప్పుదును. 1929వ సంవత్సరమున బాల్యవివాహ నిరోధక శాసనము వధువునకు పదునాలుగు, వరునకు పదునెనిమిది యేండ్లని నియమించెను. 1937వ సంవత్సరమున వితంతువునకు భర్త యాస్తిలో భాగ మిచ్చు శాసనమయ్యెను. కాళంగి యొడ్డుననున్న సూళ్లూరుపేటయు, దాని చుట్టుపట్ల గ్రామములును నాడు చెన్నపురి రాజధానియందలి నెల్లూరు మండలమునకు జేరినవి. ఆ రాజధాని శాసనసభ 1949వ సంవత్సరమున హిందువులయందు బహుభార్యాత్వమును నిషేధించి, విడాకులను అనుమతించెను. కావున ఈ ప్రాంతపు స్త్రీలకు, ఢిల్లీయందు హిందూ వివాహ శాసన మగుటకు ఆఱేండ్లు ముందుగనే, ఆ హక్కు లభించెను. 1953వ సంవత్సరమున ఈ మండలము ఆంధ్రరాష్ట్రమున జేరెను. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీనుండి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో నున్నది. పాలించు పట్టణములు మాఱినను పెద్దయింటి వాకిట నిలిచిన స్త్రీ యడుగు ప్రశ్నలు మాఱలేదు.

1955వ సంవత్సరపు హిందూ వివాహ శాసనము పరాశరుడు చెప్పి, 1856వ సంవత్సరమువారు విడిచిన నాలుగాపదలను చాలవఱకు మరల గైకొన్నది. ఏడేండ్లు జాడలేనివానినుండి, సన్న్యసించినవానినుండి, మతము మార్చుకొన్నవానినుండి విడాకులు పొందవచ్చును. పుంస్త్వము లేనివానితోడి వివాహమును రద్దుచేయించుకొనవచ్చును. క్రూరత్వము, రెండేండ్లు విడిచిపెట్టుట మొదలగు కారణములును గలవు. 1976వ సంవత్సరమునుండి ఇరువురు సమ్మతించి విడిపోవు మార్గము నేర్పడెను. 1956వ సంవత్సరపు వారసత్వ శాసనముచేత స్త్రీ పొందిన యాస్తి యామెకు సంపూర్ణమైన సొత్తు; భర్తవలన వచ్చిన భాగము పునర్వివాహముచేత బోదు. కోడలు మొదలైన కొందఱు వితంతువులు వారసత్వము దెఱచునాటికి మరల వివాహమాడియున్నచో వారికి భాగము లేదను నిబంధన మాత్ర మొకటి మిగిలియుండెను. దానిని 2005వ సంవత్సరమున దొలగించిరి. 1856వ సంవత్సరపు శాసనమును 1983వ సంవత్సరమున బార్లమెంటువారు రద్దుచేసిరి. దాని మేలు క్రొత్త శాసనములయందు జేరెను. దాని కీడు దానితో బోయెను. 1872వ సంవత్సరపు శాసనమునకు బదులుగ 1954వ సంవత్సరమున వచ్చిన ప్రత్యేక వివాహ శాసనము, మతమును నిరాకరించి వ్రాసియియ్యవలెనని యెవ్వరిని గోరదు.

బిడ్డల సంగతియందు 1956వ సంవత్సరపు మైనారిటీ, సంరక్షణ శాసనము బిడ్డ క్షేమమే ముఖ్యమని చెప్పినది. ఐదేండ్లు నిండని బిడ్డ సామాన్యముగ తల్లియొద్దనే యుండవలెను. తల్లి మరల వివాహమాడినదను కారణముచేతనే యామె సంరక్షకత్వము పోదు. తండ్రి జీవించియున్నను, బిడ్డ బాధ్యతను వహింపకున్నప్పుడు తల్లియే సంరక్షకురాలు గావచ్చునని 1999వ సంవత్సరమున సుప్రీముకోర్టువారు వ్యాఖ్యానించిరి. వివాహము చెల్లకపోయినను బిడ్డలు ధర్మ్యసంతానమే. తల్లిదండ్రుల యాస్తియందు వారికి హక్కు గలదు. పెద్దలు చేసిన తప్పునకు బిడ్డలు శిక్ష ననుభవింపరాదను న్యాయము మనకు ఆలస్యముగ వచ్చినను వచ్చినది.

ఇన్ని హక్కులు గల్గిన కాలమున మన కేమి కార్యము మిగిలియున్నదని యడుగవచ్చును. పంతులుగారి జీవితమే దీనికి సమాధానము చెప్పుచున్నది. భర్తను గోల్పోయిన గాని, భర్తను విడిచిన గాని యాడుబిడ్డ పుట్టింటి వాకిట నిలిచినప్పుడు పెద్దలు మూడు సంగతులు విచారింపవలెను. మొదటిది సమ్మతి: మరల వివాహమాడుటయు, ఆడకుండుటయు నామె యిష్టమేనా, లేక మన గౌరవమునకై యామెను ద్రోయుచున్నామా? రెండవది సొత్తు: అత్తవారింట నామెకు రావలసిన భాగము, స్త్రీధనము, మనోవృత్తి యామె చేతికి వచ్చినవా, లేక పరువునకై నోరుమూయించి విడుదలపత్రముపై వ్రేలిముద్ర వేయించుచున్నామా? మూడవది బిడ్డలు: వారిని దల్లినుండి వేఱుచేయుదుమను బెదరింపుచేత నామె తన హక్కును వదలుకొనుచున్నదా? వకీళ్లమైన మేము దస్తావేజులు వ్రాయునపుడు, పెద్దమనుష్యులైన మీరు రాజీ కుదుర్చునపుడు, ఈ మూడింటిలో నొకదానిని జెప్పి రెండింటిని మఱుగుపఱచుట తఱచుగ జరుగుచున్నది. 1856వ సంవత్సరపు శాసన మొకచేత నిచ్చి మఱియొకచేత దీసికొన్నదని మనము నిందించుచున్నాము. రాజీపత్రములయందు మనము చేయుచున్న దదియే.

బాల్యవివాహమును గుఱించి యొక్క మాట. 2006వ సంవత్సరపు శాసనముచొప్పున పదునెనిమిదేండ్లు నిండని బాలికకును, ఇరువదియొకటి నిండని బాలునకును వివాహము చేయుట నేరము. అయినను జరిగిపోయిన వివాహము దానంతట నది రద్దుకాదు. బాల్యమున వివాహమైనవారు యుక్తవయస్సు వచ్చిన రెండేండ్లలోపల న్యాయస్థానమునకు బోయి దానిని గొట్టివేయించుకొనవలెను. ఈ గడువును దెలియనివారు గ్రామములయందు బెక్కండ్రు గలరు. తెలిసినవారు చెప్పకుండుట పాపము.

రాజమహేంద్రవరమున పంతులుగారు చేసినది శాసనమునకు విరుద్ధము గాదు, శాసనమునకు మించినది. శాసనము ద్వారమును దెఱచును. ఆ ద్వారమున బ్రవేశించినవారికి గూర్చుండుటకు బీట వేయువారు, నీళ్లిచ్చువారు, రేపటికి బియ్యము చూచువారు మనుష్యులే కావలెను. పంతులుగారి కాలమున ద్వారము సగమే తెఱచియుండెను. అయినను వారు, వారి యిల్లాలు, చేతనైనంతమందిని లోపలికి దెచ్చిరి. నేడు ద్వారము చాలవఱకు దెఱచియున్నది. మన యిండ్లలో బీట లెన్ని వేసితిమో యెవరికి వారు లెక్కచూచుకొనుటయే ఆ మహనీయునకు మనము చేయదగిన పూజ.